దస్త్రం మోసినోళ్లం

మా అబ్బకు అక్షరమ్ముక్క రాదు. అయినా మా ఊరి లెక్కంతా ఆయన నెత్తి మీదనే ఉండేది. వెట్టి మాదిగ ఆయన. జమాబందీ వచ్చిందంటే కరణం తన దస్త్రాన్నంతా గుడ్డలో మూటగట్టి ఆయన నెత్తికెత్తేవాడు. కరణం ఎద్దులబండిలో, మా అబ్బ బండెనకాల నడక. కల్యాణదుర్గం తాలూకాఫీసు దాకా అట్లనే. ఎవని భూమెంత, ఎవడు ఎంత శిస్తు బాకీ, ఏ మాదిగోని ఇనాం చెక్క ఏ రెడ్డి పట్టాలోకి జరిగింది, అన్నీ ఆ మూటలోనే. మోసేది మేము. రాసేది, చదివేది, దిద్దేది వాళ్లు. అందులో మా గురించి కూడా రాసుంటారని తెలుసు. ఏం రాసినారని అడిగే నోరు లేదు.

1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణాలను, మునసబులను తీసేసింది. నెత్తి మీది మూట దిగింది. దస్త్రం దిగలేదు. ఇప్పుడది మా వేలికొనల్లోకి, కంటిపాపల్లోకి చేరింది.

ఈ ముచ్చట ఇప్పుడెందుకంటే, కొన్నాళ్ల కిందట అనంతపురంలో ఒక సభలో నేను ఆధార్ గురించి, ఫోటో తీసి కూలి హాజరు వేసే పద్ధతి గురించి నాలుగు మాటలు మాట్లాడినా. మనోడే, ఉద్యమంలో పాతికేండ్లు తిరిగినోడే, లేచి "ఆ ప్రైవసీ గోలంతా బెంగుళూరు సాఫ్ట్‌వేరోళ్లది. మన జనానికి బువ్వ కావల్ల, నీళ్లు కావల్ల, కూలి కావల్ల. దాచుకునేకి మనకాడ ఏముండాది?" అన్నాడు. చప్పట్లు కూడా పడినాయి.

ఆ మాట మావోని సొంతం కాదు. 2015లో అటార్నీ జనరల్ ముకుల్ రోహత్గీ సుప్రీంకోర్టులో ప్రైవసీ అనే ప్రాథమిక హక్కే లేదని వాదించినాడు. 2017లో ఆయన తర్వాత వచ్చిన కె.కె. వేణుగోపాల్, తిండీ గూడూ లేని పేదలున్న దేశంలో ఆ హక్కును పట్టుకొని సంక్షేమానికి అడ్డం పడగూడదన్నట్టు వాదించినాడు. మన ఆకలిని చూపెట్టి మన వేలిముద్ర అడిగినారన్నమాట. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది జడ్జీలు ఒక్క గొంతుతో ప్రైవసీ ప్రాథమిక హక్కే అన్నారు. అది గొప్పోళ్ల సరుకు అన్న వాదాన్ని పక్కన పెట్టినారు. జడ్జీలు పక్కన పెట్టిన మాటను మనోళ్లు ఎత్తుకొని తిరగడం నాకు మింగుడుపడదు.

ప్రైవసీకి పత్రికలోళ్లు 'గోప్యత' అని రాస్తారు. మా గేరిలో ఆ మాట ఎవరికీ తెలీదు. 'గుట్టు' అంటే ముసలమ్మకు కూడా తెలుస్తుంది. గుట్టుగా సంసారం చేసుకోవల్ల అంటారు. ఊరోళ్లకు గుట్టు ఉండాది. నాలుగు గోడలు, వాకిలి, వాకిలికి తలుపు, తలుపుకు గడియ. మాకు ఎప్పుడూ రట్టే. ఎవరింట్లో ఏం ఉడుకుతాందో, ఎవరు చెప్పులేసుకొని నడిచినారో, ఎవని పిల్లోడు తెల్లచొక్కా తొడిగినాడో, ఎవరి బిడ్డకు ఏం పేరు పెట్టినారో ఊరికి లెక్క కావల్ల. బిడ్డకు మంచి పేరు పెడితే దాన్ని విరిచి పిలిచేవాళ్లు. నిఘా రాజ్యం వస్తాందని పట్నం మేధావులు ఇప్పుడు భయపడతాండారు. వాళ్ల లెక్కలో అది ఆధార్ సంస్థ పెట్టిన 2009లో మొదలైంది. మా లెక్కలో ఊరు పుట్టిన నాడే మొదలైంది. ఈ తేడా తెలీకుండా వాళ్లు మాకు పాఠం చెప్పవస్తే వినేకి ఓపిక లేదు. ఈ తేడాను అడ్డం పెట్టుకొని మనోళ్లు 'మనకెందుకులే' అంటే అసలే ఓపిక లేదు. రట్టయి బతికినోడికే గుట్టు విలువ ఎక్కువ తెలుస్తుంది.

ఆరో తరగతిలో స్కాలర్‌షిప్పు కాయితాలు వచ్చినప్పుడు అయ్యవారు "ఎస్సీ పిల్లోళ్లు లేసి నిలబడండి" అనేవాడు. ఆయన చేతిలో లిస్టు ఉండనే ఉండాది. పేర్లు పిలిస్తే సరిపోయేది. నిలబెట్టల్ల. ఏడుగురం నిలబడినాం. అంతవరకు నా పక్కన కూచున్న పిల్లోడు పలకను ఇంత దూరం జరుపుకున్నాడు. ఆ డబ్బు మా హక్కు, కాదనను. డబ్బుకు బదులుగా ఆ నిలబడటం అడిగినారు చూడు, అదీ ధర.

పెద్దయినాక అనంతపురంలో, ఆ తర్వాత బెంగుళూరులో ఇల్లు అద్దెకు అడిగేకి పోతే మొదటి ప్రశ్న "మీరేమోళ్లు?". అద్దె ఎంత ఇస్తావని రెండోది. నాలుగిండ్లలో నిజం చెప్పినా, నాలుగిండ్లూ లేవన్నారు. అయిదో ఇంట్లో చెప్పలేదు, ఇల్లు దొరికింది. దానికి నేను సిగ్గుపడను. ఎక్కడ చెప్పల్ల, ఎక్కడ చెప్పగూడదు అనేది నా ఇష్టం కావల్ల. జెండా పట్టుకున్న చోట మాదిగ అని అరిచి చెప్తా. ఇంటోని ముందర చెప్పను. ఆ ఇష్టం పేరే ప్రైవసీ.

1917లో విదేశీ చదువులు చదువుకొని బరోడా సంస్థానంలో ఉద్యోగానికి పోయిన అంబేడ్కర్‌కు ఉండేకి గది దొరకలేదు. పార్శీల సత్రంలో రిజిస్టరులో పార్శీ పేరు రాస్తేనే చోటిచ్చినారు. పదకొండో నాడు కర్రలు పట్టుకొని వచ్చినారు. బాబాసాహెబ్ కథలో మనం కర్రల గురించే మాట్లాడుకుంటాం. నాకు ఆ రిజిస్టరు కనబడతాది. పుస్తకంలో రాసుకున్న పేరు వల్ల పది రోజులు నీడ దొరికింది. ఆ పుస్తకానికి వేలిముద్ర, ఫోటో తగిలించి ఉంటే ఆ పది రోజులు కూడా దొరికేవి కావు.

మా చిన్నాయన సంగతి చెప్పల్ల. ఊరి హోటల్లో మాకు వేరే గ్లాసు. 1980ల్లో ఒకనాడు ఆయన ఊరోళ్ల గ్లాసు తీసుకొని టీ తాగినాడు. కొట్లాట అయింది. దెబ్బలు తిన్నది ఆయన, కేసు పడింది ఆయన మీదనే. కోర్టు ఆ కేసు కొట్టేసింది. ఠాణాలో తెరిచిన షీటును మాత్రం ఎవరూ కొట్టేయలేదు. ఎన్నికలొస్తే బైండోవరు. మంత్రి వస్తే పొద్దున్నుంచి మాపటి దాకా ఠాణా అరుగు మీద కూచోవల్ల. పండగొస్తే రాత్రి తలుపు తట్టి ఉన్నాడా లేడా అని చూసిపోతారు. ఊర్లో ఆయన్ను 'కేడీ' అనేవాళ్లు. ఆ తిట్టు ఎక్కడిదో ఎవరికైనా తెలుసునా? 'నోన్ డెప్రెడేటర్', పేరుమోసిన దోపిడీగాడు అని తెల్లోని కాలం పోలీసు రికార్డు మాట. రికార్డు నుంచి దిగి మన నోట్లో తిట్టయింది. అరవై మూడేండ్లకు చిన్నాయన పోయినాడు. షీటు పోయిందో లేదో మాకు చెప్పేవాడు లేడు.

ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే మనిషిని బందిపోటు కేసులో పట్టుకొని, సాక్ష్యం లేదని వదిలేసినారు. హిస్టరీ షీటు మాత్రం తెరిచినారు. రాత్రిపూట తలుపు తట్టేది, లేపి చూసేది. ఆయన సుప్రీంకోర్టుకు పోయినాడు. 1962లో కోర్టు రాత్రి తలుపు తట్టడం తప్పంది, కానీ ప్రైవసీ అనే హక్కు రాజ్యాంగంలో లేదంది. ఆ రెండో మాటనే 2017లో తొమ్మిదిమంది జడ్జీలు చెరిపేసినారు. ఈ దేశంలో ప్రైవసీ కేసు ఏసీ గదిలో పుట్టలేదు. పోలీసు లాఠీతో తట్టిన తలుపు కాడ పుట్టింది. మా చిన్నాయన తలుపు కూడా అట్లాంటిదే.

ఎరుకలోళ్లకు, ఇంకా ఎన్నో సంచార జాతులకు అయితే ఒక్క మనిషికి షీటు కాదు, కులం మొత్తానికీ షీటే. 1871 నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. రిజిస్టరులో పేరెక్కినోడు చెప్పిన వేళకు హాజరు పలకల్ల, ఊరు దాటాలంటే చీటీ కావల్ల, అధికారి ఎప్పుడు అడిగితే అప్పుడు వేలిముద్రలియ్యల్ల. స్టూవర్టుపురంలో సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చి సెటిల్‌మెంటు పెట్టినారు. వేలిముద్రలు భద్రం చేసే ఆఫీసు ప్రపంచంలో మొదట పెట్టింది 1897లో కలకత్తాలో. ఆ విద్య ఇక్కడ మన మీద నేర్చి ఆ తర్వాత లండనుకు తీసుకుపోయినారు. 1952లో ఆ చట్టం పోయింది, 'అలవాటు నేరస్థుల' చట్టాలు దాని అరుగు మీదనే కూచున్నాయి. 2022లో పార్లమెంటు ఇంకో చట్టం చేసింది. అరెస్టయినోని వేలిముద్ర, అరిపాదం ముద్ర, కంటిపాప కొలత తీసుకొని 75 ఏండ్లు దాచిపెట్టచ్చునంట. మా చిన్నాయన బతికింది 63 ఏండ్లని చెప్పినా కదా.

వేలిముద్ర మాట వచ్చింది కాబట్టి ఒకటి. 1906లో ట్రాన్స్‌వాల్‌లో ఆసియా వాళ్లందరూ వేలిముద్రలిచ్చి పేరు రాయించుకోవల్లంటే గాంధీ ఎదురు తిరిగినాడు. 1908లో జొహానెస్‌బర్గ్‌లో రిజిస్ట్రేషను కాయితాలు కుప్పేసి తగలబెట్టినారు. ఆ పోరాటాన్ని నేను తక్కువ చేయను. అయితే ఆయనకు ముందుగా తగిలిన అవమానం ఏంటంటే, చట్టం నేరస్థుల దగ్గర తీసుకునే ముద్రను మర్యాదస్థుల దగ్గర అడుగుతారా అని. నేరస్థులని పుట్టుకలోనే రాసిపెట్టినోళ్ల సంగతి? ఆ పక్కనే నాటల్‌ చెరకు తోటల్లో కూలీల సంగతి? 1860లో మద్రాసు రేవు నుంచి 'ట్రూరో' ఓడ డర్బనుకు పోయింది. ఆ తర్వాత పోయిన ఓడలన్నిటికీ లిస్టులున్నాయి. నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, ఒంటి మీద మచ్చ. తెలుగు కూలీల పేర్లు ఎన్ని వందలో అందులో. వలసపోయే పేదోనికి రాజ్యం మొదట ఇచ్చింది నంబరే.

ఇప్పుడా ఓడ విమానమైంది. కదిరి పక్క నుంచి (2022లో జిల్లాను రెండు ముక్కలు చేసినాక కదిరి శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది లెండి, కరువు మాత్రం రెండు పక్కలా సమానమే) ఎంతమంది ఆడోళ్లు కువైట్ పోలేదు? మా పెద్దమ్మ కూతురు తొమ్మిదేండ్లు అక్కడ ఇండ్లలో పని చేసింది. పాస్‌పోర్టు కఫీలు బీరువాలో. దేశం మాత్రం ఆమె వేళ్లను, కండ్లను రాసుకుంది. కఫీలు కొడితే తప్పించుకొని బయటపడిందనుకో, ఆయన పోయి 'పరారీ' అని ఒక్క మాట ఎక్కిస్తాడు. కొట్టినాడని ఎక్కించేకి ఆ కంప్యూటరులో గడి లేదు. అప్పట్నుంచి ఆమె 'కల్లివల్లి'. మందు షాపుకు పోయేకి కూడా భయం. 2015లో కువైట్ ఇంకా ముందుకు పోయి, దేశంలో ఉన్నోళ్లందరూ డీఎన్ఏ ఇయ్యల్లని చట్టం చేసింది. 2017లో వాళ్ల రాజ్యాంగ కోర్టే దాన్ని కొట్టేసింది. చట్టం వచ్చినప్పుడు గానీ పోయినప్పుడు గానీ మన పనిమనుషులకు ఎవరూ చెప్పలేదు.

పరదేశంలో అంతేలే అనుకుంటారేమో. 2020 ఫిబ్రవరిలో హైదరాబాదులో 127 మందికి ఆధార్ సంస్థ నోటీసులిచ్చింది. మీరు తప్పుడు కాయితాలతో ఆధార్ తీసుకున్నారని ఫిర్యాదుంది, వచ్చి చూపెట్టుకోండని. ఒకరికొచ్చిన నోటీసులో పౌరసత్వమే నిరూపించుకోమని ఉండాది. ఆధార్ పౌరసత్వానికి గుర్తు కాదని అదే సంస్థ చెప్తాది, మళ్లా ఆధార్ పేరుతోనే నువ్వు ఈ దేశపోనివేనా అని అడుగుతాది. గొడవయినాక తేదీ వాయిదా వేసినారు. ఆ నోటీసు పాతబస్తీ ముస్లిం ఇంటికి పోయింది కాబట్టి మనకేం అనుకోవద్దు. పుట్టిన తేదీ కాయితం, భూమి కాయితం, తాత పేరు కాయితం అడిగితే మా గేరిలో ఎవరికాడ ఉండాయి? మా అబ్బ మోసిన మూటలో మా భూమి ఎట్లా మాయమైందో ముందే చెప్పినా.

ఇంక ఇంటికి వద్దాం. 2006 ఫిబ్రవరి 2న మా జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలోనే ప్రధాని మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకం మొదలుపెట్టినాడు. కరువు పని చట్టమై వచ్చిన నాడు మా గేరి పండగ చేసుకుంది. ఆ చట్టంలో ఒక గొప్ప సంగతి ఉన్నింది: లెక్కలు జనం ముందర పెట్టల్ల. మస్టరు గోడ మీద రాయల్ల, సామాజిక తనిఖీలో చదివి వినిపించల్ల. చచ్చినోని పేరుతో కూలి తిన్నోళ్లను మా ఆడోళ్లు గ్రామసభలో నిలదీసినారు. దస్త్రాన్ని మోసిన జాతి మొదటిసారి దస్త్రాన్ని చదివించుకొని వినింది.

తర్వాత తర్వాత అద్దం తిప్పేసినారు. 2023 జనవరి 1 నుంచి పని కాడ రోజుకు రెండుసార్లు ఫోటో తీసి పంపితేనే హాజరన్నారు. ఎండకు పైట నెత్తిన కప్పుకున్న ఆడోళ్లను వరుసగా నిలబెట్టి ఫోటో. సిగ్నలు లేదంటే మళ్లా నిలబడు. సిగ్నలు లేకపోతే కూలి లేదు. 2024 జనవరి నుంచి కూలి డబ్బుకు ఆధార్ తగిలింపే తప్పనిసరి చేసినారు. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టాన్నే తీసేసి వేరే చట్టం తెచ్చింది. హామీ ఎంత మిగులుతాదో తెలీదు గానీ, వేలూ మొగమూ అడిగేది మాత్రం చట్టంలోకే ఎక్కింది. కాంట్రాక్టరు బిల్లు డ్రా చేసుకునేటప్పుడు రోజుకు రెండుసార్లు ఫోటో తీయించుకున్నాడని ఎవరైనా విన్నారా?

స్టోరు బియ్యానికి మిషను వచ్చినప్పుడు మాయమ్మ వేలు పడలేదు. నలభై ఏండ్లు శెనిక్కాయలు ఒలిచిన వేలు, గీతలెక్కడివి? మూడు నెలలు తిరిగింది. డీలరు ఆమె చెయ్యి పట్టుకొని, తన చొక్కా కొసతో వేలు తుడిచి, మిషను మీద గట్టిగా అదిమేవాడు. ఆయన నాయన మాకు బియ్యం పోసేటప్పుడు ఎక్కడ తగుల్తామోనని జానెడు పైనుంచి పోసేవాడు. మాయమ్మ నవ్వుతా చెప్పేది, "మిషనొచ్చినాక మైల పోయిందిలే, వేలు పట్టుకుంటాండాడు" అని. నాకు నవ్వు రాలేదు. ముట్టుకున్నది మనిషిని కాదు, తాళంచెవిని.

ఆధార్‌లో కులం గడి లేదు, మీకు మంచిదే కదా అనేవాళ్లున్నారు. నిజమే, లేదు. పేరు, పుట్టిన తేదీ, ఆడా మగా, చిరునామా, పది వేళ్లు, రెండు కండ్లు, ఫోటో. అంతే. ఇప్పుడు మా గేరి చిరునామా చదవండి: ఫలానా నంబరు, ఎస్సీ కాలనీ. నంబరుకు కులం లేదు, చిరునామాకు ఉండాది. బెంగుళూరులో నేను ఇంటోనికి చెప్పకుండా దాచింది ఆ కార్డు జిరాక్సు ఇస్తే ఒక్క చూపుకు తెలిసిపోతాది. తమిళనాడులో 2025లో ముఖ్యమంత్రి స్టాలిన్ ప్రభుత్వ రికార్డుల్లో 'కాలనీ' అనే మాటే తీసేస్తామని శాసనసభలో చెప్పినాడు. ఆయనకు ఆ మాట బరువు తెలిసింది.

అది చాలదన్నట్టు కార్డులన్నీ ఒకదానికొకటి తగిలించినారు. 2017 మేలో బెంగుళూరులోని సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ వాళ్లు (సాఫ్ట్‌వేరోళ్ల గోల అన్నోళ్లు ఇది వినండి) నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్లలో 13 కోట్లకు పైగా ఆధార్ నంబర్లు బజారులో పడి ఉండాయని లెక్క చూపెట్టినారు. నాలుగింట్లో రెండు ఆంధ్రప్రదేశ్‌వే: ఉపాధి హామీ చెల్లింపులది ఒకటి, చంద్రన్న బీమాది ఇంకొకటి. 2018 ఏప్రిల్లో రాష్ట్ర గృహ నిర్మాణ సంస్థ వెబ్‌సైటులో లక్షా 34 వేల మంది వివరాలు కనబడినాయి. పేరు, ఆధార్, బ్యాంకు ఖాతా, కులం, మతం. ఇల్లు అడిగినందుకు లక్షా 34 వేల మందిని లేసి నిలబడమన్నారు. ఆరో తరగతి అయ్యవారు మేలు, ఏడుగురి ముందే ఆగినాడు. 2019 ఆగస్టు 15 నుంచి 50 ఇండ్లకు ఒక వలంటీరును పెట్టినారు. 2024లో ప్రభుత్వం మారినాక వాళ్లను వాడడం మానేసినారు. వాళ్లు ఫోన్లలో ఎక్కించిన మా ఇంటి సంగతులు ఇప్పుడు ఎవరి చేతిలో ఉండాయి? వలంటీర్లలో మన పిల్లోళ్లే ఎందరో, వాళ్లనను. అయిదు వేల జీతానికి మూట మోసినోళ్లు వాళ్లు.

మీరు అడగచ్చు: కులగణన కావల్లని కొట్లాడింది మీరే కదా, ఇప్పుడు లెక్క వద్దంటారా? వద్దనను. 1994 జూలై 7న ఈదుముడిలో పుట్టిన దండోరా లెక్క మీదనే నిలబడింది. మేమెంతమందిమి, మాకు వచ్చింది ఎంత అని అడిగింది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ చెల్లుతుందన్నది కూడా మూడు పదుల ఏండ్లు ఆ లెక్కను వదలనందుకే. కానీ లెక్క వేరు, దస్త్రం వేరు. 1948 జనగణన చట్టం 15వ సెక్షను చూడండి. ఎన్యూమరేటరు రాసుకున్న పుస్తకాన్ని ఎవరూ చూడగూడదు, కోర్టులో సాక్ష్యంగా కూడా పెట్టగూడదు. జాతి మొత్తం కనబడతాది, మనిషి కనబడడు. మాకు కావలసింది అదే. వాళ్లు చేస్తాండేది తలకిందులు. ఏ కులం చేతిలో ఎంత భూమి, ఎన్ని కొలువులు, ఎన్ని కాంట్రాక్టులు అనే లెక్క దొరకదు. మాయమ్మ ఏ తారీకున ఎన్ని కిలోలు తీసుకుంది అనేది దొరుకుతాది.

ఇంకా తమాషా చూడండి. 2023లో డేటా రక్షణ చట్టమని ఒకటి చేసినారు. అందులో ప్రభుత్వం తనకు కావలసిన శాఖలకు మినహాయింపు రాసుకోవచ్చు. అదే చట్టంతో సమాచార హక్కు చట్టంలో 8(1)(జె) సెక్షనును మార్చి పడేసినారు. 2025 నవంబరులో ఆ మార్పు అమల్లోకి వచ్చింది. ఇంతకు ముందు ప్రజాప్రయోజనం ఉంటే అధికారి వివరమైనా ఇయ్యల్ల అనే మాట ఆ సెక్షనులోనే ఉండేది. ఇప్పుడు 'వ్యక్తిగతం' అంటే చాలు, తలుపు మూసేయచ్చు. సామాజిక తనిఖీలో మేము చదివించుకున్న మస్టరును రేపు వ్యక్తిగతమంటే ఏం చేస్తారు? మేము అడిగిన పరదాను తీసుకుపోయి వాళ్ల కిటికీకి కట్టుకున్నారు.

ఉద్యమంలో ఉండే పిల్లోళ్లకు ఒక పని చెప్తా. 2024 మే 7న సుప్రీంకోర్టు ఒక ఢిల్లీ కేసులో, వెనకబడిన కులాల, ఎస్సీ ఎస్టీల అమాయకుల మీద కేవలం వాళ్ల పుట్టుకను బట్టి హిస్టరీ షీట్లు తెరుస్తాండారనే మాటను పట్టించుకొని, అన్ని రాష్ట్రాలూ చూసుకోమంది. అదే ఏడు అక్టోబరు 3న జర్నలిస్టు సుకన్య శాంత వేసిన కేసులో జైలు రిజిస్టర్లలో కులం గడి తీసేయమంది. మన జిల్లాలో ఏం చేసినారు? జిల్లా పోలీసు ఆఫీసుకు అర్జీ పెట్టండి. ఠాణా వారీగా ఎన్ని షీట్లు నడుస్తాండాయి, వాటిలో ఎస్సీలెందరు, ఎస్టీలెందరు, మైనారిటీలెందరు, 2024 మే తర్వాత ఎన్ని మూసినారు, చచ్చిపోయినోళ్లవి ఎన్ని ఇంకా తెరిచే ఉండాయి. ఒక్క పేరు కూడా అడగొద్దు. పేరు అడిగితే 8(1)(జె) చూపెడతారు. లెక్క అడిగితే ఆ సెక్షను అడ్డం రాదు. ఫీజు 10 రూపాయలు. తెల్లకార్డు జిరాక్సు పెడితే ఫీజు ఉండదంటారు. జిరాక్సు ఇయ్యొద్దు, ఆ 10 రూపాయలు కట్టేయండి.